పలకా బలపము



గడచిన శ్రావణమాసమున ఒక సాయంకాలము మైపాడు నుండి నెల్లూరికి వచ్చు బస్సులో నేను కూర్చుండియుండగా, నా ప్రక్కనున్న ఒక తల్లి, నేను చిరకాలము కళాశాలలో పాఠములు చెప్పినవాడనని మాటల సందర్భమున తెలిసికొని, ఒడిలోని సంచిని సవరించుకొనుచు నన్నిట్లు అడిగెను. "సారూ, మా పిల్లోడికి ఇంజనీరింగులో కంప్యూటర్ సీటొచ్చింది. ల్యాప్‌టాప్ కావాలంటుండాడు. టాబ్ అయితే సగం డబ్బులకే వస్తాదని వాళ్ల మామ చెప్తుండాడు. ఏది కొనేది సారూ?" ల్యాప్‌టాపే కొనుమని నేను చెప్పితిని. "ఎందుకంటారు? అదీ కంప్యూటరే, ఇదీ కంప్యూటరే గదా?" అని ఆమె మరల అడుగునప్పటికి బస్సు ఊరిలోనికి వచ్చినది, ఆమె దిగవలసిన చోటు వచ్చినది, నా సమాధానము నోటిలోనే నిలిచిపోయినది.

తీరగ్రామపు కుటుంబములకు ఆ ప్రశ్న చిన్నది కాదు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మన తీరమున మరపడవల వేటకు నిషేధముండును. రెండు నెలలు పడవలు ఒడ్డుననే నిలిచి, చేతిలోని పైకము అడుగంటిన పిమ్మటనే కళాశాలల ప్రవేశముల కాలము వచ్చును. అట్టి యింట నలుబది యేబది వేల రూపాయలనగా ఒక అంగడి వస్తువు వెల మాత్రమే కాదు. అది కొన్ని మాసముల సముద్రయాత్ర, రొయ్యల గుంటల గట్లపై గడపిన కొన్ని వందల నిద్రలేని రాత్రులు. ఆ ధనమును వెచ్చించువారికి కారణము తెలియజెప్పుట చదువుకొన్నవారి ధర్మము. ఆనాడు బస్సులో చెప్పలేకపోయిన మాటలనే నేడు రేడియో శ్రోతలైన మీ అందరియెదుట విన్నవించుచున్నాను.

మనలో పలువురము అక్షరాభ్యాసమునాడు పళ్ళెములోని బియ్యముపై గురువు చేయిపట్టి దిద్దింపగా దిద్దినవారమే. ఆ పిమ్మట పలక వచ్చినది. పలకతోపాటు బలపము వచ్చినది. పలక మనకు చదువు నేర్పలేదు. దానిపై మన చేతితో వ్రాసి, తప్పు వ్రాసి, తడిగుడ్డతో తుడిచి, మరల వ్రాసిన ఆ పునఃపునః ప్రయత్నమే చదువు నేర్పినది. బలపము లేని పలకను బిడ్డ చేతికిచ్చి చదువుకొమ్మని ఏ తల్లియు చెప్పలేదు. కంప్యూటరు శాస్త్ర విద్యయు సరిగా ఇట్టిదే. మొదటి సంవత్సరమున సీ భాషయో పైథానో నేర్చునాడు మొదలుకొని, డేటా స్ట్రక్చర్లు, డేటాబేసులు, ఆపరేటింగు సిస్టములు, నెట్‌వర్కులు అభ్యసించి నాలుగవ సంవత్సరమున ప్రాజెక్టు సమర్పించునంతవరకు, విద్యార్థి దినచర్య ఒక్కటే: ప్రోగ్రాము వ్రాయుట, నడపి చూచుట, తప్పు బయటపడగా వెదకుట, దిద్దుట, మరల నడపుట. కావున యంత్రమును కొనబోవువారు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న, దాని తెర ఎంత మిలమిలలాడుచున్నదని కాదు. దీనితోపాటు మా బిడ్డ చేతికి బలపము వచ్చుచున్నదా, అని.

విద్యార్థికి ఎట్టి కంప్యూటరు కావలెనను ప్రశ్నను క్రమముగా విచారించి కొలతలు కట్టినవారిలో అగ్రగణ్యులొకరు మన తెలుగువారే యగుట మనకు సంతోషకారణము. దబ్బల రాజగోపాలరెడ్డి గారు, లోకమునకు రాజ్ రెడ్డి గారు, మనకు దక్షిణమున పొరుగు సీమయైన నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున 1937లో ఒక రైతు కుటుంబమున జన్మించిరి. తమ కుటుంబమున కళాశాలలో అడుగిడిన మొదటివారు వారే. గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో సివిలు ఇంజనీరింగు పట్టమంది, ఆస్ట్రేలియాకును, అచ్చటినుండి అమెరికాకును పోయి, 1966లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, యంత్రములకు మానవుల మాటను వినుట నేర్పు పరిశోధనలో కృషిచేసి, 1994లో కంప్యూటరు శాస్త్రమునకు అత్యున్నత పురస్కారమైన ట్యూరింగు బహుమానమును ఎడ్వర్డు ఫైగెన్‌బామ్ గారితో కలిసి అందుకొనిరి.

ఆ రాజ్ రెడ్డి గారును, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునందలి వారి సహచరులును 1980ల ఆరంభమున విద్యాపరిశోధనలకు తగిన కంప్యూటరునకు మూడు కొలతలు నిర్ణయించిరి. 10 లక్షల బైట్ల జ్ఞాపకశక్తి యుండవలెను. 10 లక్షల చుక్కలతో బొమ్మ కట్టు తెర యుండవలెను. సెకనుకు 10 లక్షల ఆదేశములను నెరవేర్చు వేగముండవలెను. ఇంగ్లీషున ఈ మూడు మాటలును ఎమ్ అను అక్షరముతో ఆరంభమగుటచే దీనికి త్రీ ఎమ్ కంప్యూటరని పేరు వచ్చెను. దాని వెల 10 లక్షల పెన్నీలకు, అనగా 10,000 డాలర్లకు, మించరాదని నాలుగవ కొలతను కూడ చెప్పుకొనుచుండిరి. నేడు మన నెల్లూరి అంగడిలో దొరకు సామాన్యమైన ల్యాప్‌టాపులో సైతము జ్ఞాపకశక్తి ఆ కొలతకు ఎనిమిదివేల రెట్లుండును. నిలువునను అడ్డమునను లెక్కించినచో దాని తెరపై 20,73,600 చుక్కలుండును. అంకెలు మారినవి, కాని ఆ ఆలోచనాక్రమము మారదగినది కాదు. వారు ముందు పనిని నిర్వచించిరి. ఆ పనికి ఏమి కావలెనో కొలిచిరి. తుదకు వెలకు హద్దు పెట్టిరి. మనమో, తరచుగా వెలతోనో, మిత్రుని చేతిలోని యంత్రముతోనో, ప్రకటనలోని రంగులతోనో ఆరంభించి, పనిని చిట్టచివర తలచుకొనుచున్నాము.

ఇక టాబ్లెట్టు సంగతి. దానిని నేను నిందింపను. 1972లో అమెరికాలోని జిరాక్సు సంస్థవారి పరిశోధనాలయమున పనిచేయుచుండిన ఆలన్ కే గారు, బాలబాలికలు చంకన పెట్టుకొని పోదగిన పలకవంటి కంప్యూటరును ఊహించి, దానికి డైనాబుక్ అని పేరిడిరి. వారు గీచిన చిత్రమున తెరక్రిందనే అక్షరపు మీటలు కలవు. బిడ్డలు దానిపై స్వయముగా ప్రోగ్రాములు వ్రాయవలెననుటయే వారి సంకల్పము. అనగా, ఆ పలకను తొలుత భావించినవారు బలపముతోడనే భావించిరి. తరువాత 2011 అక్టోబరు 5వ తేదీన మన దేశమున ఆకాశ్ టాబ్లెట్టును విద్యార్థులకై విడుదల చేసిరి. హైదరాబాదునందే కూర్పబడిన ఆ యంత్రమునకు 7 అంగుళముల తెరయు, 256 మెగాబైట్ల జ్ఞాపకశక్తియు ఉండెను. ప్రభుత్వమునకు 2,000 రూపాయల పైచిలుకు వెలకు లభించుట ఆనాడొక వింత. పేదవిద్యార్థి చేతికి కంప్యూటరు నందింపవలెనను ఆ తలంపు పూజ్యమైనది. కాని వెలను ముందు నిర్ణయించి పనిని పిమ్మట వెదకికొన్నచో సాధనము ఎంత బక్కపలుచనగునో కూడ అది మనకు తెలిపినది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలోని 8వ తరగతి పిల్లలకు టాబ్లెట్లు పంచిరి. పాఠమును చూచుటకును వినుటకును అవి తగినవే.

చదువుటకు, వినుటకు, కలము వంటి పుల్లతో గణితపు సూత్రములు వ్రాసికొనుటకు, బొమ్మలు గీచికొనుటకు టాబ్లెట్టు సుఖమైన సాధనము. అది తేలికయైనది; ఒక్కమారు ఛార్జి చేసినచో చాలసేపు నిలుచును. కాని కంప్యూటరు శాస్త్ర విద్యార్థి నిత్యము వాడు కంపైలరు, డేటాబేసు, ఒక యంత్రములోపల మరియొక యంత్రమును సృష్టించి చూపు సాఫ్టువేరు, ఇవన్నియు యంత్రపు అంతరంగమున తావు కోరును. టాబ్లెట్టు సామాన్యముగా తన అంతరంగమునకు తలుపు తెరవదు. తన అంగడిలో దొరకు యాపులనే అనుమతించును. ఐప్యాడులో ఈ కట్టుబాటు మిక్కుటము. ఆండ్రాయిడు పలకపై టెర్మక్స్ వంటి యాపు సాయమున కొంత సాధింపవచ్చును. బ్రౌజరు ద్వారా దూరపు కంప్యూటరుపై ప్రోగ్రాము నడపవచ్చును. కాని దానికి ఇంటర్నెట్టు ఎడతెగక ఉండవలెను, తీరగ్రామములలో గాలివాన రేగిన రాత్రి సిగ్నలుపై నమ్మకముంచుట కష్టము. విడిగా కీబోర్డు, మౌసు కొని జతపరచుదమన్నచో వెల క్రమముగా ల్యాప్‌టాపును సమీపించును, సౌకర్యము మాత్రము సమీపింపదు. కనుక ఒక్క వస్తువునే కొనగలవారు ల్యాప్‌టాపునే కొనవలెను. ఇంట ఇదివరకే టాబ్లెట్టున్నచో దానిని పుస్తకముగా ఉంచుకొనవచ్చును.

ఎట్టి ల్యాప్‌టాపు? మనది వరిసీమ, మొలగొలుకులను వరి పేరు విన్నవారికి కళ్ళమన్నను గాదె యన్నను వేరుగ చెప్పనక్కరలేదు. యంత్రములో ర్యామ్ అనునది కళ్ళము. గాదెలో ధాన్యమెంత యున్నను నూర్పిడి జరుగునది కళ్ళమునందే. కళ్ళము ఇరుకైనచో పనలను మాటిమాటికి తీసి ప్రక్కన పెట్టి, మరల తెచ్చి పరచుచు, కూలీలు పనికన్న మోతకే ప్రొద్దుపుచ్చుదురు. 4 జీబీ ర్యామ్‌తో నేటి కాలపు పని అట్లే నడచును. 8 జీబీ కనీసము. 16 జీబీ యున్నచో నాలుగేండ్లు నిశ్చింత. మొబైలు యాపులు నిర్మింపదలచినవారికి 16 జీబీ అత్యవసరమే. కొనునపుడు అంగడివానిని స్పష్టముగా అడుగవలసిన మాట ఒకటున్నది: "ఈ ర్యామ్ బోర్డుకు అతికించినదా, తరువాత పెంచుకొనుటకు ఖాళీ స్లాటు ఉన్నదా?" స్లాటు ఉన్నచో ఈ యేడు 8 జీబీతో కొని, చేతికి డబ్బు వచ్చిననాడు మరియొక 8 జీబీ చేర్చుకొనవచ్చును. పేదవానికి ఇంతకన్న మేలైన సదుపాయము లేదు.

గాదె స్థానమున ఉండునది స్టోరేజి. తిరుగు పళ్ళెముల హార్డుడిస్కును విడిచి ఎస్ఎస్‌డీ గల యంత్రమునే ఎంచుకొనవలెను. అది వేగవంతమైనది, కదలు భాగములు లేనందున బస్సు కుదుపులకు చెడనిది. 256 జీబీతో జాగ్రత్తగా గడుపవచ్చును. 512 జీబీ సుఖము. కళ్ళమున తిరుగు ఎడ్లవంటిది ప్రాసెసరు. కోర్ ఐ5 అనియు రైజెన్ 5 అనియు చెప్పు పేర్లకు మురియుటకుముందు అది ఏ తరమునకు చెందినదో విచారింపవలెను. పాత తరపు ఐ7 కన్న క్రొత్త తరపు ఐ3 చురుకుగా నడచు సందర్భములు కలవు. ఆటలకై చేయబడిన, గ్రాఫిక్సు కార్డు గల బరువైన యంత్రములు మొదటి రెండేండ్ల చదువునకు అవసరము లేదు. అవి ఎక్కువ వేడెక్కును, బ్యాటరీని త్వరగా త్రాగివేయును. మెషిన్ లెర్నింగు అభ్యసించు దశలో అట్టి శక్తి కావలసివచ్చినపుడు గూగుల్ కొలాబ్ వంటి చోట కొంతమేర ఉచితముగానే లభించును. మ్యాక్‌బుక్కు శ్రేష్ఠమైనదే, దాని వెలయే అందరికందదు, కొన్న పిదప ర్యామ్ పెంచుటకు వీలులేదు.

తుదిమాటగా కాక, మొదటిమాటగా చెప్పదగినది కీబోర్డు. బలపమన్నది అదియే గదా! అంగడిలో నిలబడి పది నిమిషములు టైపు చేసి చూడుడు. మీటలు వ్రేళ్ళకు ఎదురుతిరుగుచున్నవా, లొంగుచున్నవా, తెర అక్షరములు కంటికి నొప్పి కలిగించుచున్నవా, యంత్రమును ప్రతిదినము కావలి నుండియో కోవూరు నుండియో వీపు సంచిలో మోయగలమా, ఈ విచారణను ఏ ప్రకటనయు మన పక్షమున చేయజాలదు.

మన తీరవాసులకు మరికొన్ని ప్రత్యేకమైన జాగ్రత్తలు కలవు. సముద్రపు గాలిలో ఉప్పు కలదు, తేమ కలదు. ఇనుప కిటికీని తినివేయు ఆ గాలియే యంత్రపు సన్నని లోహపు అంచులను కూడ మెల్లగా తినివేయును. వాడనపుడు యంత్రమును మూతగల సంచిలో పెట్టి, అందులో తేమ పీల్చు చిన్న పొట్లములుంచవలెను. ఇసుకతిన్నెపై కూర్చుండి దానిని తెరువరాదు. రోహిణీకార్తె యెండలలో దిండుపైనను పరుపుపైనను పెట్టి వాడినచో గాలిదారులు మూసికొని లోపలి వేడి పెరుగును. వేడియే బ్యాటరీకి ప్రథమ శత్రువు. కరెంటు హెచ్చుతగ్గులనుండి కాపాడుటకు మంచి ఎర్తు గల ప్లగ్గు కావలెను. మరమ్మతు చేయు కేంద్రము నెల్లూరిలోనే కలదా, చెన్నై వరకు పోవలెనా, వారంటీ యెన్నేండ్లు, అని బిల్లు చేతికి వచ్చుటకుముందే అడుగవలెను.

ఇంకొక జాగ్రత్త యంత్రమును గూర్చినది కాదు, పనిని గూర్చినది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు చెంత రైలుమార్గము కొట్టుకొనిపోయిన దినములు మీలో పలువురకు జ్ఞప్తియందుండును. నీరు ఇల్లు చొచ్చిననాడు ప్రాణమును దక్కించుకొందుము గాని, బల్లపైనున్న యంత్రమును తలచుకొనము. యంత్రము పోయినను మరల కొనవచ్చును. అందులో మూడేండ్లుగా వ్రాసికొన్న ప్రోగ్రాములు పోయినచో కొనుటకు అంగడి లేదు. కావున విద్యార్థి మొదటి మాసముననే ప్రోగ్రాముల మార్పులను భద్రపరచు గిట్ అను సాధనపు వాడుక నేర్చి, తన పనికి ప్రతి ఒకటి ఇంటర్నెట్టుపై ఉంచుట అలవరచుకొనవలెను.

ఇంతయు విని, మాకు నలుబది వేలు లేవే యని నిట్టూర్చు తల్లిదండ్రులతో నేను చెప్పదగిన మాటలు కలవు. నేడు మొదటి సంవత్సరమున నేర్పు సీ భాష బెల్ లాబొరేటరీలలో రూపుదిద్దుకొనుచున్న కాలమున, 1971 ప్రాంతమున, అచ్చటివారికి లభించిన పీడీపీ-11 యంత్రపు జ్ఞాపకశక్తి 24 కిలోబైట్లు మాత్రమే. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వాయిదాలపై కొన్న 386 యంత్రముపైననే లినక్సును వ్రాయ మొదలిడెను. గొప్ప పనులకు గొప్ప యంత్రములు తప్పనిసరి కావు. కార్యాలయములు వాడి విడిచిన దృఢమైన ల్యాప్‌టాపులు, మరమ్మతు చేయబడి బిల్లుతోను కొంతకాలపు వారంటీతోను దొరకునవి, సగము వెలకే లభించును. వాటిని కొనునపుడు అవి విండోస్ 11కు తగినవగునా యని చూడవలెను. ఏలయన, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణ ముగిసినది. తగనిచో ఉబుంటు వంటి లినక్సును ఉచితముగా వేసికొనవచ్చును. కంప్యూటరు శాస్త్ర విద్యార్థికి అది లోపము కాదు, మరియొక పాఠము. అదియు వీలుగానివారు కళాశాల ప్రయోగశాల తలుపులు తెరచి మూయువరకు అచ్చటనే కూర్చుండవలెను. అధికవడ్డీకి అప్పుచేసి, వాయిదాల భారమున ఇల్లు క్రుంగునట్లు కొన్న యంత్రము బిడ్డ మనసుపై బరువగును గాని చదువు కాజాలదు.

ప్రభుత్వములకును ఒక విన్నపము. 2008లో నాటి మన ఉమ్మడి రాష్ట్రమున రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును, మనము ట్రిపుల్ ఐటీ యని పిలుచుకొను సంస్థను, పల్లెబిడ్డలకై నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో నెలకొల్పినపుడు విద్యార్థులకు ల్యాప్‌టాపులు ఇచ్చిరి. దాని రూపకల్పనలో రాజ్ రెడ్డి గారి హస్తముండెను. పదవ తరగతి దాటిన పల్లె పిల్లవాని చేతికి చూచు పలకనుగాక వ్రాయు సాధనమునే అందించిన ఆ పద్ధతి, తీరగ్రామముల బీదవిద్యార్థులందరకును విస్తరింపదగినది.

శ్రోతలారా, మన తీరమునకు దక్షిణమున, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట కలదు. 1979 ఆగస్టు 10న అచ్చటినుండి ఎస్ఎల్‌వీ-3 రాకెట్టు మొదటిమారు ఎగిరినపుడు, ప్రయోగమును నిలుపుమని కంప్యూటరు సూచించెననియు, నిపుణులు లెక్కలు చూచి భయము లేదని చెప్పగా తాము దానిని దాటి ముందుకు సాగితిమనియు, ఆ ప్రయోగాధిపతియైన అబ్దుల్ కలాం గారు పిమ్మట పలు సభలలో చెప్పిరి. రెండవ దశలోని లోపముచే ఆ రాకెట్టు బంగాళాఖాతమున కూలినది. మరుసటి యేడు జూలై 18న, తప్పును వెదకి దిద్దిన పిమ్మట, అట్టి రాకెట్టే రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. యంత్రము చూపిన తప్పును చూచి, ఏల వచ్చినదని విచారించి, దిద్దుటయే మన విద్యార్థి తన గదిలో ప్రతిరాత్రి చేయవలసిన పని. అతని తెరపై ఎఱ్ఱని అక్షరములతో కనబడు ఎర్రర్ అను మాట శాపము కాదు, గురువు చేయి. ఆ తప్పులను విద్యార్థి కంటికి కనబరచి, దిద్దుటకు చోటిచ్చు సాధనము కావలెను గాని, తప్పులే కనబడకుండ నునుపుగా జారిపోవు అద్దపు పలక చాలదు.

మైపాడు బస్సులో నన్ను ప్రశ్నించిన ఆ తల్లి ఈ సాయంకాలము రేడియో వినుచున్నదో లేదో నేనెరుగను. విన్నచో ఆమెకు నా విన్నపమొకటే. అమ్మా, యంత్రమును కొనిచ్చిన నెలనాటికి మీ అబ్బాయిని దగ్గర కూర్చుండబెట్టుకొని, "దీంట్లో ఏం చేసినావురా నాయనా?" అని అడుగుడు. ఏమి చూచినాడని కాదు, ఏమి చేసినాడని. అతడు తెర తెరచి తాను వ్రాసిన పది వాక్యముల ప్రోగ్రామునైనను చూపి, "ఇక్కడ తప్పు పోయిందమ్మా, నిన్న రాత్రి దిద్దినాను" అని వ్రేలుపెట్టి చెప్పగలిగెనా, మీ కష్టార్జితము సార్థకమైనట్లే. ఆ భాష మీకు తెలియకపోయినను, మీ బిడ్డ చేతికి బలపము వచ్చినదని మీకు తెలియును.